అద్దంలాంటి ఇత్తడి రేకు

మిల్లుకి ఆర్డరు దక్కింది గానీ, దాని కోసం నా పరువు ఎలా పోయిందో చెప్తాను, టీ తాగుతూ వినండి.

విజయనగరం ఇంకా జిల్లా కాని రోజులు. గజపతినగరం దగ్గర చిన్న ఇత్తడి రేకుల మిల్లులో నేను చెకింగు మనిషిని. రేకును వేడి చెయ్యకుండానే రెండు రోలర్ల మధ్య నొక్కి పలచన చేస్తుంటే, అవతల డ్రమ్ము దాన్ని బిగించి లాగి చుట్టుకునేది. పరిగెత్తే రేకును నేను చెక్కపుల్లతో తట్టి వినాలి. చప్పుడు అంతటా ఒకేలా ఉంటే చదును. ఎక్కడైనా బొదబొదమంటే అక్కడ వదులు. రోలర్ల దగ్గర మా బావ అప్పలసూరి.

ఆ రోజు పాతపట్నం నుంచి పైడమ్మ వచ్చింది. బిందెలు, చెంబులు చేయించి అమ్మే మనిషి. స్టీలు సామాన్లొచ్చి మా రేకు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆవిడ కూడా వద్దంటే మిల్లుకి తాళమే.

"సదునుగా ఉన్నాదా బాబూ?"

పుల్లతో అక్కడా ఇక్కడా తట్టి, కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా తల ఊపాను. మిల్లు ఆపించి, "అద్దమే అమ్మా, మొహం సూసుకోండి" అన్నాను. తట్టిన మాట నిజం. విన్నది మాత్రం నా మాటలే.

ఆవిడ వంగి బొట్టు సరిచేసుకుంది. "బాగుంది. ఓ ముక్క కొయ్యి, అట్టుకెళ్తాను."

కోశాం. బిగువు వదిలిందో లేదో, రేకు నడిమధ్యన నూనెలో పడ్డ అప్పడంలా పొంగింది. పొద్దున్నుంచీ ఆపకుండా నడిపేసరికి రోలర్ల నడుం వేడెక్కి ఉబ్బిందట. దాంతో రేకు మధ్యలో ఎక్కువ సాగింది. లాగిపెట్టి ఉన్నంతసేపూ బయటపడలేదు, అంతే.

"ఇందాక ఒక్క గెడ్డమే ఉన్నాది. ఇప్పుడు నాలుగు అగుపిస్తన్నాయి, ఏటిది?" అంది పైడమ్మ.

"కోతకి లేసిందమ్మా, కాలేస్తే తొంగుంటాది" అని ముక్కను నేల మీద పరిచి ఎక్కాను. నా కింద అణిగి, అవతల టప్పుమని లేచింది.

"బావా, నువ్వటేపు ఎక్కు."

ఎక్కాడు. ఈసారి ఇద్దరి మధ్యా లేచింది. ఒకరి భుజాలొకరం పట్టుకుని మెల్లగా దగ్గరికి జరుగుతుంటే యజమాని వచ్చాడు.

"ఏటి సేస్తన్నార్రా?"

"సదును సేస్తన్నాం బాబూ" అన్నాడు బావ.

పైడమ్మ తాపీగా, "సదునుగానే ఉన్నాది. ఈలిద్దర్నీ కూడా బండెక్కించండి. దిగితే లేస్తాది" అంది.

అని, తన మాటకి తనే నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. ఆ నవ్వులోనే సాయంత్రం దాకా గడువిచ్చింది. రోలర్లు చల్లారాక వేరే రేకు చుట్ట ఎక్కించి నడిపాం. కోసిన ముక్క గచ్చుకి అతికించినట్టు పడుకుంది. ఆవిడ చేత్తో ఆ చివర్నించి ఈ చివరి దాకా నిమిరి చూసింది.

"బాగా వొచ్చింది. ఈపాలి సూసిందెవరు?"

"నేనేనమ్మా" అన్నాను.

"అయితే ఇంకో ముక్క కొయ్యి" అంది.