బాడుగ తర్వాత చూసుకుందాం

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. నిన్న ఏదో పని మీద వెళ్లి నేతగాళ్ల వీధిలో రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాను. దొరికిన ఆటో ఎక్కేశాను. దారంతా హనుమంతప్ప సారే గుర్తొచ్చారు. ఆదోనిలో నాకు వకీలు పని నేర్పిన సీనియరు ఆయన. కుదురులేని మనిషి. ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే దస్తావేజు చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని.

నేను చేరిన కొత్తలో ఈరన్న కేసు వచ్చింది. ఎమ్మిగనూరులో ఒక షెడ్డు బాడుగకు తీసుకుని, నేలలో గుంటలు తవ్వి మగ్గాలు దించుకున్న నేతగాడు. గుంట మగ్గమంటే మంచమా, ఎత్తుకుపోయి ఇంకోచోట వాల్చుకోవడానికి? షెడ్డు యజమాని ఆయన స్నేహితుడే. గడువు తీరాక ‘ఇద్దరికీ సమ్మతమైన బాడుగకు’ మళ్లీ ఇస్తానని కాగితం రాసిచ్చాడు. ఎంతకని ఈయన అడగలేదు, ఇంతకని ఆయన చెప్పలేదు. స్నేహితుల మధ్య అంకె పలకడం మా వైపు అమర్యాద. తర్వాత ఆ స్నేహితుడు పోయాడు. గడువు తీరగానే కొడుకు ఖాళీ చేయమన్నాడు.

సంతకముంది, సాక్షులున్నారు, ఇంకేం కావాలని నేను ఎగిరిపడ్డాను. సార్ నడక ఆపలేదు. ముందుముందు ఒప్పుకుందామని ఒప్పుకోవడం ఒప్పందమే కాదని ఇంగ్లండు జడ్జీలు ఏనాడో తేల్చేశారనీ, మన కోర్టులదీ అదే దారి అనీ అన్నారు. ఫలానా పెద్దమనిషి చెప్పినంత అని ఒక్క ముక్క ఉన్నా దాన్ని పట్టుకుని పోరాడేవాళ్లమట. ఆ ముక్క లేదు. ఎంత వాదించినా ఓడిపోయాం.

కోర్టు వరండాలో ఈరన్న సార్‌ని అడిగాడు.

“ఆయప్ప మాటిచ్చినాడు గద సామీ. మాటకు ఇలువ లేదా?”

“మాట ఉండాది ఈరన్నా. ఎంతకనేది లేదు. కోర్టు దేన్ని పట్టుకోవాల?”

సార్ మీద నాకు ఒళ్లు మండింది. అంత చల్లగా ఎలా చెప్పగలిగారు? షెడ్డు ఖాళీ చేసే రోజు ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. గెలిపించలేకపోయినాం, చూడనైనా చూడాల అన్నారు. ఈరన్న తన మగ్గాల గుంటల్లో తనే పారతో మట్టి పోశాడు. సార్ గుమ్మం దగ్గరే అటూ ఇటూ తిరుగుతూ కళ్లు తుడుచుకున్నారు. నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను.

కొన్నాళ్లకు ఈరన్న నందవరంలో ఇంకో షెడ్డు చూసుకుని, దాని యజమానితో కలిసి మా ఆఫీసుకు వచ్చాడు. గడువు తర్వాత బాడుగ ఎంత రాయమంటావని సార్ అడిగారు. ఈరన్న యజమాని వైపు చూసి మొహమాటంగా నవ్వాడు.

“అది తర్వాత సూసుకుంటాంలే సామీ. తెలిసిన మనిషే గద.”

ఓరి దేవుడా అనుకున్నాను. సార్ వెళ్లి తలుపుకు గడియ పెట్టారు.

“ఇప్పుడు మొగమాటపడితే రేపు మొగాలు సూసుకోలేరు. ఎంతకో చెప్పేదాకా ఈడినుంచి ఎవరూ కదిలేది లేదు.”

 చివరికి ఈరన్నే తప్పు చేసినవాడిలా ఒక అంకె గొణిగాడు. యజమాని ఇంకొంచెం పెంచాడు. ఈరన్న తలూపాడు. నేను రాసేశాను.

సార్ ఇప్పుడు లేరు. ఆయన కుదురులేనితనం మాత్రం నాకు అంటుకుంది. నా ముందు కూర్చుని ఎవరైనా తర్వాత చూసుకుందామని నవ్వితే లేచి గడియ పెట్టేస్తాను. గయ్యాళి వకీలమ్మ అని వెనకాల అనుకుంటారట. అనుకోనీ. నందవరంలో ఈరన్న గడువు తీరింది, మళ్లీ తీరింది. ఆయన్ని లేవమన్నవాళ్లు లేరు.