మంత్రిని వదిలేసిన రోజు

మా అక్క గుండె డాక్టరు. అన్ని గుండెలూ కాదు, తాళం తప్పిన వాటినే చూస్తుంది. ఎవరి చేయి పట్టుకున్నా తన వేళ్లు వాటంతటవే నాడి మీదకి పోతాయి. పెళ్లిచూపుల్లో మా ఆవిడ నాడి కూడా చూసేసింది. ఆసుపత్రి కాక తనకున్న పిచ్చి చదరంగం ఒక్కటే. ఓడటం మాత్రం ఒంటికి పడదు. చిన్నప్పుడు నేనెంత ఏడ్చినా ఒక్క ఆట వదిలిపెట్టలేదు.

ఆదివారాలు పార్కులో తనకి జోడీ బస్సు నడిపే బాబాయ్. చుట్టమేమీ కాదు, అందరూ అలాగే పిలుస్తారు. ఒకరోజు గెలిచే ఎత్తు కనబడగానే ఆయన గుండె దడదడలాడింది, కళ్లు తిరిగి బెంచీ మీదే ఒరిగిపోయాడు. గుండెలో చుక్కంత చోటొకటి ఉండుండి సొంత పెత్తనం చేస్తోందని పరీక్షల్లో తేలింది. అది నయమయ్యేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. బాబాయ్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు.

తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ చోటుని కాల్చేయడమే అక్క పని. అయితే దడ వచ్చినప్పుడే అది ఎక్కడుందో దొరుకుతుంది. మత్తు ఇస్తే కొన్ని దడలు నక్కి కూర్చుంటాయని ఏళ్ల తరబడి పరిశోధన చేసి వ్యాసాలు రాసిన మనిషి, బాబాయ్ భయపడుతున్నాడని జాలిపడి తనే మత్తు ఇప్పించింది. గుండె బుద్ధిగా కొట్టుకుంది. ఉత్త చేతులతో బయటికొచ్చారు.

తర్వాతి కథ అక్క పక్కనే పనిచేసే నర్సమ్మ చెప్పింది. రెండోసారి మత్తు లేదు. గుండెని ఉరికించే మందు ఎక్కించినా దడ జాడ లేదు. ఈసారీ కాకపోతే బాబాయ్‌ని బస్సు దింపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు.

"బాబాయ్, ఒక ఆట వేద్దామా?" అంది అక్క.

"పడుకోబెట్టి ఆడిస్తావా అమ్మాయ్? గెలవడానికి ఎన్ని తిప్పలో."

ఆయనకి కనిపించేట్టు పక్కన చెక్క బోర్డు పెట్టారు. అక్క చేతులు తీగ మీదే. ఇద్దరూ నోటితో చెబుతుంటే నర్సమ్మ పావులు జరిపింది. కాసేపటికి అక్క తన మంత్రిని ఏనుగుకి ఎదురుగా పెట్టమంది.

"మేడం, ఇక్కడేనా?"

"అక్కడే."

బాబాయ్ కళ్లు బోర్డుకి అతుక్కుపోయాయి. "చూసుకున్నావా అమ్మాయ్?"

"నా సంగతి నాకొదిలేసి మీ ఎత్తు మీరు వేయండి."

బాబాయ్‌కి గెలుపు కనబడింది, తెర మీద ఆయన గుండె గీతలు ఉరకలెత్తాయి. అక్క చోటు పట్టుకుని కాల్చింది, గీతలు సద్దుమణిగాయి. మళ్లీ మందు ఎక్కించి చూసినా దడ రాలేదు. గదంతా చప్పట్లు కొట్టింది. తమ్ముడికి వదలని మంత్రిని ఆయనకి వదిలిందని విని నాకు ఎంత సంతోషమేసిందో అంత కడుపు మండింది.

బాబాయ్ మళ్లీ బస్సెక్కాడు. మొన్న ఆదివారం పార్కులో ఆయనకి గెలిచే ఎత్తు పడింది. అక్క వేళ్లు ఆయన మణికట్టు మీదకి పోయాయి.

"ఆటకట్టు" అన్నాడు బాబాయ్, తాపీగా.

అక్క చేయి వదల్లేదు. అలాగే పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఈసారీ కావాలనే వదిలావా అక్కా?" అన్నాను.

"కాదురా, నిజంగానే ఓడిపోయాను" అని కళ్లు తుడుచుకుంది.