నాలుగో ప్రశ్నకు రోసా జవాబు

2012లో నన్ను వాయవ్య లండన్‌లోని ఒక ప్రభుత్వాసుపత్రిలో, రోగుల అనుభవాల విభాగంలో విశ్లేషకుడిగా వేశారు. హోదా బ్యాండ్ ఆరు. అంటే సమావేశాల్లో కూర్చోవచ్చు, మాట్లాడనక్కర్లేదు. రోగులకూ వారి కుటుంబాలకూ మా సేవ ఎలా అనిపించిందో ప్రశ్నాపత్రాలతో కొలవడం నా పని. సర్వే అన్నాక జనులంతా సుఖంగా ఉన్నట్టే తేలాలని పైవాళ్ల కోరిక. పేరులోనే ఉంది కదా.

ఆ ఏడాది నాకు అప్పగించింది స్పానిష్ మాట్లాడే కుటుంబాల సంగతి. కొలంబియా, బొలీవియా, ఈక్వడార్‌ల నుంచి వచ్చి ఆఫీసులు శుభ్రం చేసే పనుల్లో కుదిరినవాళ్లు మా దగ్గరికి చాలామందే వచ్చేవారు. మా జాతి వివరాల ఫారంలో వాళ్లకంటూ ఒక గడి లేదు. 'ఇతరులు' అన్నచోట టిక్కు పెట్టేవారు. డిశ్చార్జి అయ్యాక ఇళ్లకు పోస్టులో పంపిన ప్రశ్నాపత్రాలు తిరిగి వచ్చేవి కావు. ప్రశ్నల్ని స్పానిష్‌లోకి మార్పించాను. ఆ అనువాదాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, అర్థం చెడలేదని సరిచూసుకున్నాను. అయినా రాలేదు. ఒక్కో ఫ్లాట్‌లో రెండు మూడు కుటుంబాలు, ఏడాది తిరక్కుండా మారిపోయే అడ్రసులు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రావడం అరుదు కాబట్టి గట్టిగా పట్టుకున్నాను. రోగి చేరిన మూడో రోజున వార్డులోనే కుటుంబం చేతికి కాగితం ఇచ్చి, ఆ సాయంత్రమే నర్సు తిరిగి తీసుకోవాలి. ఎవరు ఇవ్వలేదో తెలియడానికి మూలన తేదీ, మంచం నంబరు. పైన మాత్రం 'మీ జవాబులు గోప్యం' అని అచ్చు.

సర్జికల్ వార్డు నర్సులందరికీ పెద్ద, సిస్టర్ సునీత. వరంగల్ మనిషి. కాగితాల కట్ట అందుకుని నవ్వింది.

"మూర్తి సార్, సూది పట్టుకున్నోళ్ల చేతికే కాయితం ఇయ్యాల్నంటే ఎవరన్న చెడ్డగ రాస్తరా?"

"బాగా రాస్తే నీ వార్డుకే కదమ్మా మంచిది!"

"నాకు మంచిదే. మీకు?"

నేను నవ్వేసి లిఫ్టు ఎక్కాను.

జవాబులు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఏ ప్రశ్నకు చూసినా 'ప్రతిసారీ', 'చాలా బాగుంది'. బోర్డు సమావేశంలో నా గ్రాఫు చూపించారు. నా పేరును కూడా దాదాపు సరిగానే పలికారు.

ఆ మరుసటి చలికాలం, రోసా అనే బొలీవియా ఆమె భర్తకు సునీత వార్డులో చేరిన రోజే పేగు ఆపరేషన్ అయింది. రెండో రోజు నుంచి అతనికి నొప్పి పెరుగుతోందని ఆమె రెండు రోజులపాటు సైగలతో చెప్పింది. దుభాషిని పిలిపించాలంటే వార్డు నుంచి ఒక ఫారం ఏజెన్సీకి వెళ్లాలి. అది వెళ్లలేదు. లోపలి కుట్టు వదిలిందని నాలుగో రోజు తెలిసింది. ఐదో రోజు అతను పోయాడు.

రోసా ఫిర్యాదు చేసింది. పరిహారం అడగలేదు. తాను రెండు రోజులు చెబుతూనే ఉన్నానని, ఎవరికీ అర్థం కాలేదని ఆసుపత్రి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అంతే. ఫిర్యాదుల మేనేజరు నాకు ఫోన్ చేసి, ఆ మంచం కాగితం ఉందా అని అడిగారు. అడిగిన కాగితం క్షణాల్లో తీసివ్వడం నాకున్న ఒకే ఒక్క గొప్ప. పంపేశాను. 'గోప్యం' అన్న మాట అచ్చు వేయించింది నేనేనని ఆ తర్వాత గుర్తొచ్చింది.

నాలుగో ప్రశ్న: మీరు చెప్పింది సిబ్బందికి అర్థమైందా? రోసా టిక్కు 'ప్రతిసారీ' పక్కన ఉంది.

విచారణ సమావేశానికి ఆసుపత్రి దుభాషిని ఏర్పాటు చేసింది. ఈసారి ఫారం వెళ్లింది. మేనేజరు కాగితం బల్ల మీద పెట్టి, ఈ టిక్కు మీరు పెట్టినదేనా అని మర్యాదగా అడిగారు. రోసా జవాబును దుభాషి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. "అప్పటికి ఆయన ఇంకా మీ చేతుల్లోనే ఉన్నాడు. కాగితం తీసుకోవడానికి వచ్చిన నర్సే ఆయనకు మందూ ఇవ్వాలి. నేను ఇంకేం రాస్తాను?" తర్వాత, ఇది ఎవరికీ చూపించబోమని పైన రాశారు కదా అని అడిగింది. మేనేజరు పక్కన కూర్చున్న నేను టై సర్దుకున్నాను.

ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని, పద్ధతిలో తప్పు నాదేనని రెండు పేజీల నోటు రాశాను. అది ఫైల్లో చేరింది. నిర్ణయం మారలేదు. ఫిర్యాదు రుజువు కాలేదన్నారు. కావాలంటే పై విచారణాధికారికి రాసుకోవచ్చని లేఖ చివర ఒక వాక్యం, ఇంగ్లీషులో. ఆమె రాయలేదు.

ఆ నెలలోనే సర్జికల్ వార్డుకు రోగుల సంతృప్తి సర్టిఫికెట్ వచ్చింది. సునీత దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"దుభాషి ఫారం నా డెస్కు మీదనే ఉండె సార్. రేపు పంపుదామనుకున్న. ఇది మీరే పెట్టుకోండి."

మంచం నంబరు తీసేయించి, కాగితాలను మళ్లీ ఇళ్లకే పంపించాను. స్పానిష్ జవాబులు మళ్లీ ఆగిపోయాయి. 2019లో రిటైరయ్యేదాకా నా నివేదికలో స్పానిష్ కుటుంబాల వరసలో 'సమాచారం లేదు' అనే రాశాను. ఒకప్పుడు ఉండేది కదా అని పైవాళ్లు అడిగితే, అప్పుడూ లేదండీ అనేవాణ్ణి.

మనిషి మంచం మీద ఉండగా అతని వాళ్లను అడగకూడదు. అడిగినా, ఆ జవాబును మరొకరి చేతికి ఇవ్వకూడదు. ఈ రెండూ ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన శిక్షణ పుస్తకం మొదటి పేజీలోనే ఉన్నాయి. పేజీ కింద, చదివానని నా సంతకం కూడా ఉంది.