కూలిన కోట మీద కంప్లయింట్

మా ఆంజనేయప్రసాద్ గారికి కోపం తెప్పించని వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. తయారైందని ఎవరైనా చెబితే దాని మీద కూడా ఆయనకు కోపం వస్తుంది, ఇన్నాళ్ళూ ఎందుకు ఆలస్యం చేశారని.

కాపెల్ అనే ఊళ్ళో ఆయనది మా పక్కిల్లు. టెక్సస్ అంతటా వంతెనలు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. పొడుగూ వెడల్పూ రెండూ ధారాళంగా ఉన్న మనిషి. గొంతు ఆ రెండిటికన్నా ధారాళం. కోపం వచ్చినప్పుడు ముందు కళ్ళజోడు తీస్తారు. చుట్టూ ఒకసారి చూస్తారు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు.

"దీనికి ఎవరు రెస్పాన్సిబుల్?"

ఒక వేసవిలో టీవీ వాళ్ళు వాన పడుతుందన్నారని ఆయన వంగమొక్కలకు నీళ్ళు పెట్టలేదు. వాన పడలేదు. మొక్కలు వాడిపోయాయి. వెంటనే టీవీ స్టేషన్‌కి ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది, "సర్, మేము నలభై శాతం ఛాన్స్ అని మాత్రమే చెప్పాం" అని.

"నేను వంద శాతం అడగట్లేదమ్మా!" అని ఈయన అరుపు మా వంటింట్లోకి వినిపించింది. "చెప్పిన ఆ నలభై శాతమైనా కురవాలి కదా!"

ఇంకోసారి మా వీధివాళ్ళం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో పులిహోర గిన్నె ముందు 'ఎల్లో రైస్' అని చీటీ పెట్టారు. ఆయన గరిటె చేత్తో పట్టుకుని క్యూ మొత్తం ఆపేశారు. "పులిహోరని రంగు పెట్టి పిలుస్తారా? రేపు మనల్ని కూడా అలాగే పిలిస్తే ఊరుకుంటామా?" చీటీ మారేదాకా ఎవరి ప్లేట్లోనూ మెతుకు పడలేదు.

ఇలాంటి సమయాల్లో ఆయన భార్య ప్రమోద గారు కాస్త దూరంగా, హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని, రావలసిన బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడేవారు. ఈ గొడవ చేస్తున్నాయన ఎవరో తనకు తెలియనట్టు. ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పిన ఆవిడ. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

పోయిన చలికాలం ఆవిడకు న్యుమోనియా వచ్చి తగ్గింది. తగ్గిందని ఆవిడ అన్నారు గానీ, ఊపిరితిత్తులు పూర్తిగా ఒప్పుకున్నట్టు లేవు. మా ఇంట్లో మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడమీద మా పెళ్ళి ఫోటోని చాలాసేపు మెచ్చుకునేవారు. కాస్త కూర్చోమంటే ముఖం ఎర్రబడేది.

"గీతా, నన్ను పేషెంట్‌లా చూసేవాళ్ళతో నేను మాట్లాడను. ముందే చెప్తున్నా."

నేను నోరు మూసుకున్నాను. వీధి మొత్తం మూసుకుంది.

మేలో మా ఆయన లోకేష్‌కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆఫీసు పని పడింది. పనయ్యాక వారం రోజులు తిరిగొద్దామని నేనూ బయల్దేరుతున్నానని కంచె అవతలి నుంచి విన్నారు ప్రసాద్ గారు.

"మేమూ వస్తాం. ఊరు నేను చూసి పెట్టా. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరే, జాల్జ్‌గ్రుంట్."

"అక్కడ ఏముందండీ?"

"ఉప్పు."

"ఉప్పా?"

"చెట్టుకొమ్మల మీద ఉప్పునీళ్ళు పోసి ఉప్పు చేశారట! నేను చినగంజాంలో ఉప్పుమళ్ళ పక్కన పుట్టినవాణ్ణి. కొమ్మల మీద ఉప్పేమిటి? వెళ్ళి అడగాలి."

ఏమని అడుగుతారో నేను అడగలేదు.

ఉప్పు కోసం సముద్రం దాటడం ప్రమోద గారికి నచ్చలేదు గానీ, ఫోన్‌లో ఆ ఊరి బొమ్మ చూపిస్తే మనసు మారింది. ఊరి మీద కొండ, కొండ మీద పాడుపడ్డ కోట.

"ఈ కొండ నేను ఎక్కుతాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోకూడదు, ఎవరూ 'మెల్లిగా, మెల్లిగా' అనకూడదు. అలా అయితేనే వస్తా" అన్నారు.

జాల్జ్‌గ్రుంట్ ముద్దొచ్చే ఊరు. చిన్న ఏరు, రాళ్ళు పరిచిన సందులు, నల్లటి దూలాల మధ్య తెల్లగోడల ఇళ్ళు. వయసు మీదపడి ఆ ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉన్నాయి. ప్రసాద్ గారు మొదటి సందులోనే కళ్ళజోడు తీశారు.

"ఈ ఇల్లు వీధిలోకి ఒరిగింది! లోపల మనుషులున్నారు! ఎవరు రెస్పాన్సిబుల్?"

పైన కిటికీలో పూలమొక్కలకు నీళ్ళు పోస్తున్న ముసలావిడ ఇంగ్లీషులో శాంతంగా చెప్పింది, "మా తాతగారి తాత కన్నా ముందు నుంచీ ఇలాగే ఉందండీ."

"అదే నేననేది! ఇన్ని తరాలుగా ఎవరూ పట్టించుకోలేదా?"

ఉప్పు చేసిన చోటు ఊరి చివర ఉంది. నేను చిన్న షెడ్డేదో ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మూడంతస్తుల ఎత్తున, వీధంత పొడవున ఒక చెక్క చట్రం. దాని నిండా ముళ్ళకంప మోపులు కుక్కి ఉన్నాయి. పైనుంచి ఉప్పునీళ్ళు బొట్లుబొట్లుగా ఆ కంపమీద కారుతుంటే, గాలి తగిలి నీళ్ళు ఆవిరై, మిగిలినవి చిక్కబడతాయి. ఆ చిక్కటి నీళ్ళను పూర్వం మరిగించి ఉప్పు తీసేవారట. ఇప్పుడు ఉప్పు తీయడం లేదు. కానీ గోడ పక్కన నిలబడితే ముఖానికి సముద్రపు గాలి తగులుతుంది. సముద్రమేమో ఎక్కడో ఉంది. బెంచీల మీద పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని, నిదానంగా గాలి పీలుస్తూ కూర్చున్నారు.

గైడు పేరు ఫ్రావ్ వీలాండ్, అంటే వీలాండ్ గారు. సన్నగా, చురుగ్గా ఉన్న ఆవిడ. మా ప్రసాద్ గారు ఆవిడ మీద విరుచుకుపడ్డారు.

"మా ఊళ్ళో సూర్యుడు చేస్తాడండీ ఈ పని! మడిలో నీళ్ళు పెట్టి పడుకుంటే ఉప్పవుతుంది. ఇక్కడి సూర్యుడు ఏం చేస్తున్నాడు?"

"ఇక్కడ ఆయన తక్కువగా వస్తారు సర్. అందుకే గాలితో చేయించారు."

"గాలితోనా! ఈ ఐడియాకి ఎవరు రెస్పాన్సిబుల్?"

"చనిపోయారు సర్. మూడు వందల ఏళ్ళయింది."

ఆవిడ అక్కడున్న బోర్డు వైపు తిరిగి, "ఈ గాలికి ఇంకో ఉపయోగం కూడా ఉంది..." అని మొదలుపెట్టగానే ప్రసాద్ గారు "అది తర్వాత!" అని గట్టిగా అరిచి, వెళ్ళి బోర్డుకు అడ్డంగా నిలబడ్డారు. నేను చదువుదామని ఎడమకు వంగితే ఎడమకు జరిగారు. కుడికి వంగితే కుడికి జరిగారు. ఆ శరీరానికి ఆ బోర్డు ఒక లెక్క కాదు.

"ఈ కంప ఎన్నాళ్ళకి మారుస్తారు? మళ్ళీ మొదట్నుంచి చెప్పండి!"

ఆవిడ మొదట్నుంచి చెబుతూ గోడ ఆ చివరికి నడిచింది. ఈయన సందేహం అడిగారు. ఈ చివరికి నడిచింది. ఇంకో సందేహం. చేసేదేం లేక మేమూ వెనకే ఆ ఉప్పుగాలిలో అటూ ఇటూ నడిచాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళారు.

"నిన్నటి జవాబు నాకు తృప్తిగా లేదు."

మమ్మల్ని దూరం నుంచి చూడగానే ఫ్రావ్ వీలాండ్ గోడ వెనక్కి మాయమైపోయింది. ఆవిణ్ణి వెతకడానికని ఈయన మమ్మల్ని ఆ గోడ చుట్టూ ఎంతసేపు తిప్పారో! లోకేష్‌కి విసుగు పుట్టింది. "ఈ వెకేషన్‌లో ఉప్పు తప్ప ఏమన్నా చూస్తామా?" అని నా చెవిలో గొణిగాడు. ప్రమోద గారు మాత్రం ఫిర్యాదేమీ చేయలేదు. ఆవిడ బుగ్గల్లో కాస్త రంగు కనిపించింది.

ఆ మర్నాడు కోట. కొండ కింద నుంచి రాతిమెట్లు, మలుపులు తిరుగుతూ పైకి పోతున్నాయి. ప్రమోద గారు శాలువా బిగించి ముందడుగు వేశారు. ఎవరూ చెయ్యి అందించలేదు. మొదటి మలుపు రాగానే ప్రసాద్ గారు దారికి అడ్డంగా ఆగారు. కళ్ళజోడు తీశారు.

"ఈ రెయిలింగ్ ఇక్కడెందుకు ఆగిపోయింది? సగం దారిలో ఆపేసే రెయిలింగ్ ఏం రెయిలింగ్? నేను ఇలా సగం వంతెన కట్టానా ఎప్పుడైనా?"

ఆ ఉపన్యాసం అయ్యాక కదిలాం. రెండో మలుపులో మెట్ల ఎత్తులు సమానంగా లేవని తిట్టారు. ఆ తర్వాత ఒక వేరు దారికి అడ్డొచ్చిందని తిట్టారు. వెనక వస్తున్న జర్మన్ దంపతులు ఆగి, తల ఊపుతూ శ్రద్ధగా విన్నారు, ఇది కూడా టూర్‌లో భాగమే అనుకున్నారేమో.

"సర్, ప్లీజ్, దిగేటప్పుడు తిట్టుకుందాం. ఇలాగైతే సాయంత్రానికి కూడా చేరం" అన్నాడు లోకేష్.

ప్రసాద్ గారు వేరును తిడుతూనే ఉన్నారు. కానీ వేరు వైపు చూడట్లేదు. ఎటు చూస్తున్నారా అని నేనూ తిరిగి చూశాను.

కింద రెండు మెట్ల అవతల ప్రమోద గారు గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. పెదాలు పాలిపోయాయి. శాలువా కింద భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చూపు మాత్రం లోయ వైపు, తాపీగా, ప్రకృతి చూస్తున్నట్టు. కొంతసేపటికి భుజాలు కుదుటపడ్డాయి. ఆవిడ శాలువా సర్దుకున్నారు.

"సరే, ఏం చేస్తాం. పదండి!" అని ప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టేసుకున్నారు.

తర్వాతి మలుపులో నేను జాగ్రత్తగా గమనించాను. ఆవిడ ఊపిరి బరువెక్కగానే ఆయన కోపం మొదలైంది. ఆవిడ ఊపిరి తేలిక పడగానే కోపం ఆగిపోయింది. ఉప్పుగోడ దగ్గర ఆయన దాచిన బోర్డు మీద ఏం రాసి ఉంటుందో అప్పుడు తట్టింది. ఆ బెంచీల మీది పెద్దవాళ్ళు ఉత్తినే గాలి పీల్చడం లేదు. అది ఊపిరి ఆడనివాళ్ళ కోసం డాక్టర్లు రాసే గాలి. 'పేషెంట్' అన్న మాట ఆవిడ కంట పడకుండా ఈ మనిషి ఉప్పుతో, సూర్యుడితో, చచ్చిపోయిన ఇంజనీర్లతో పోట్లాడి ఆవిణ్ణి ఆ గాలిలో నడిపించారు.

ఇంకోసారి "ఈ రెయిలింగ్..." అని ఆయన గొంతు లేవగానే లోకేష్ నోరు తెరిచాడు. నేను అతని మోచెయ్యి గట్టిగా గిల్లాను.

పైకి చేరాం. ఒంటరి బురుజు, కప్పు లేని పెద్ద హాలు, అందులో మొలిచిన చెట్లు. అందరికన్నా ముందు ప్రమోద గారు వెళ్ళి పొట్టిగోడ మీద కూర్చున్నారు. కింద ఏరు, ఎర్రటి ఇంటికప్పులు, ఊరి చివర గోధుమరంగు గీతలా ఉప్పుగోడ. ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు.

ప్రసాద్ గారు హాలు మధ్యలో నిలబడి ఆకాశం చూస్తున్నారు. "ఇన్ని వందల ఏళ్ళుగా ఒక్కడూ కప్పు వేయించలేదా? ఎవరు..." అంటూ లోకేష్‌ని వెంటేసుకుని బురుజు వెనక్కి వెళ్ళారు.

నేను ప్రమోద గారి పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక, "ఆయన దారిలో ఎందుకు అన్నిసార్లు ఆగారో..." అని నసిగాను.

"గీతా, ఆయన రెయిలింగ్‌ని మూడుసార్లు తిట్టారు. మూడోసారి అక్కడ రెయిలింగే లేదు."

"అంటే మీకు తెలుసా!"

"అన్నేళ్ళు క్లాస్‌రూమ్‌లో ఉన్నాను. ఎవరు కల్పిస్తున్నారో కనిపెట్టలేనా?"

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"చెప్తే సిగ్గుపడి మానేస్తారు. మానేస్తే నేను కొండలు ఎలా ఎక్కను?"

దిగడం మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు లేని చిక్కు దిగేటప్పుడు ఎదురైంది. ప్రసాద్ గారి కుడి మోకాలు మెట్టు మెట్టుకీ వంగనంటోంది. ఆయన పళ్ళు బిగించి, ఏమీ కానట్టు గోడ పట్టుకుని దిగుతున్నారు. అడిగితే ఒప్పుకునే రకం కాదు.

దారి పక్కన పెద్ద పైన్ చెట్టు కింద ఒక బెంచీ ఉంది. దాని ముందు ప్రమోద గారు టక్కున ఆగారు. నేనెన్నడూ వినని గొంతుతో చెట్టు మీద లేచారు.

"ఏమిటీ కాయలు! నడిచే దారిలోనా రాల్చేది? ఇంత కొండ ఉంది, ఇంకెక్కడా చోటు దొరకలేదా దీనికి? మనుషులు నడవక్కర్లేదా!"

పక్షులు లేచిపోయాయి. లోకేష్ నోరు తెరుచుకుని చూశాడు. ప్రసాద్ గారు నిర్ఘాంతపోయారు.

"ప్రమోదా, ఏమైంది నీకు? చెట్టు మీద కోపమేమిటి?"

"ఎందుకు రాకూడదు? దానికి బుద్ధి ఉండక్కర్లేదా?"

"పైన్ చెట్టన్నాక కాయలు రాల్చదా? అన్యాయంగా మాట్లాడతావేం!" అంటూ ఆయన బెంచీ మీద కూలబడి, కుడికాలు హాయిగా చాపుకుని, చెట్టు తరఫున వాదించడం మొదలుపెట్టారు.