వాన రోజు కూలి

మా పక్క ఖాళీ జాగాలో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. పొద్దున్నే మేస్త్రీ సిమెంటు బస్తా విప్పి నీళ్లు కలపగానే వంటింటి కిటికీలోంచి ఆ వాసన లోపలికొస్తుంది. తడిసిన బూడిదలా ఉంటుంది, గొంతులో గరగరలాడుతుంది. మావారు కిటికీ మూసెయ్యమంటారు. నేను మూయను. నాకది పుట్టింటి వాసన.

భిలాయి దగ్గర జాముల్ వైపు ఒక చిన్న సిమెంటు ఫ్యాక్టరీ వెనక బస్తీలో మేముండేవాళ్లం. జామాకుల మీద, ఆరేసిన బట్టల మీద, అమ్మ చోడి అంబలి గిన్నె మీద పెట్టిన మూత మీద, ఎండాకాలం వచ్చిందంటే మా కనురెప్పల మీద కూడా ఆ పొడే పేరుకునేది. వీధిలో సగంమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు, సగంమంది ఛత్తీస్‌గఢీవాళ్లు. తీజ్ పండక్కి ఎదురింటి రామ్‌బాయి చాచీ కారపు ఠేఠరీలు, తియ్యటి ఖుర్మీలు వేయిస్తుంటే నూనె వాసనకి పిల్లలమంతా ఆవిడ వాకిట్లో మూగేవాళ్లం. చిరిగిన సిమెంటు సంచుల కాగితంతో పుస్తకాలకు అట్టలేసుకోగా మిగిలిన దానితో గాలిపటాలు చేసేవాళ్లం. అవి బరువుకి పైకి లేచేవి కావు, దారం పట్టుకుని నేలమీదే ఈడ్చుకుంటూ పరిగెత్తేవాళ్లం.

గౌరమ్మత్త నాన్నకు స్వయానా అక్క, ఆవిణ్ణి అప్పా అని పిలిచేవాడు. పెనిమిటి పోయాక నాన్నే ఆవిణ్ణి ఊరి నుంచి తీసుకొచ్చి, పక్క గదిలో ఉంచి, తను పనిచేసే ఠేకేదారు, అదే కూలీల కాంట్రాక్టరు, దగ్గరే పనికి పెట్టించాడు. నాన్న లారీలకు బస్తాలెక్కించేవాడు, అత్త కింద ఒలికిన సిమెంటు ఊడ్చి తట్టలకెత్తేది. నీళ్లు తగిలితే గట్టిపడిపోతుందని, ఇంటికి రాగానే ముందు నూనె రాసుకుని పాత గుడ్డతో ఒళ్లంతా తుడుచుకుని అప్పుడు స్నానం చేసేది. మధ్యాహ్నం అత్త చద్దన్నమూ, చాచీ బాసీ అనే నీళ్లన్నమూ ఒకే గిన్నెలో కలిపేసి, ఉల్లిపాయ నంజుకుంటూ తినేవారట. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, ఆ సగంతోనే రోజంతా నవ్వుకునేవారు.

వానలు మొదలైతే సంచులు తడుస్తాయని లోడింగ్ ఆపేసేవారు. పని లేని రోజు కూలి లేదు. పర్మనెంటు వాళ్లకు మాత్రం వానైనా ఎండైనా జీతం వచ్చేది. రేకుల మీద చినుకుల చప్పుడు వినగానే అమ్మ బియ్యం డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూసేది. మాకు వానలో ఆడుకోవాలని ఉండేది గానీ, పెద్దవాళ్ల ముఖాలు చూసి గోడవారన కూర్చునేవాళ్లం.

ఒక ఏడు ముసురు ఎంతకీ వదల్లేదు. అత్త మా వసారాలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది.

“మనం పనికొల్లక ఇంటికాడ కూకోనేదు. గేటు దాకా ఎల్తన్నాం, ఆల్లే తిప్పి అంపేస్తన్నారు. మరి ఆ రోజు మనది పోనాదా నేదా? సగం కూలైనా ఇయ్యాల,” అంది.

చాచీ ఆ మాటనే వాళ్ల భాషలో చెప్పింది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో దాచడం మొదలైంది, ముందు ముందు పని ఆపి కూర్చోవలసొస్తే పనికొస్తుందని.

విశ్వకర్మ పూజనాడు ఒక్కరోజే పిల్లల్ని ఫ్యాక్టరీలోకి రానిచ్చేవారు. యంత్రాలకు బంతిపూల దండలు, సాంబ్రాణి పొగ, చేతికో బూందీ పొట్లం. ఆ ఏడు నేను కొత్త గౌను వేసుకుని గేటు దాకా వెళ్లేసరికి అత్త, చాచీ, బస్తీ ఆడవాళ్లంతా నేలమీద బైఠాయించి ఉన్నారు. వాళ్ల వెనక నాన్న, మగవాళ్లు నిలబడ్డారు. ఠేకేదారు నవ్వుతూ వచ్చి అత్త చేతికి బూందీ పొట్లం ఇవ్వబోయాడు.

“ఇది ఒల్లం బాబూ. వాన రోజు కూలి మాట సెప్పండి.”

మర్నాడు అక్కడ ఉన్నవాళ్లందరి గేటు పాసులూ లాక్కున్నారు.

వాళ్లు కదల్లేదు. గేటు పక్కన టార్పాలిన్ కింద పొయ్యి పెట్టారు. ఒక్కో ఇంటి బియ్యం ఒక్కో రకం కావడంతో కొన్ని మెతుకులు చిమిడిపోయి, కొన్ని పలుకుగా ఉండే ఆ అన్నాన్ని పిల్లలం పండగ భోజనంలా తిన్నాం. దీపావళి కూడా అక్కడే గడిచింది. తర్వాత చలి పెరిగింది, కుండలు అడుగంటాయి. ఏడాది నిండిన మా తమ్ముడికి జ్వరం కాసి, ఊపిరి ఎగబోయడం మొదలైంది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంట్లో ఏమీ లేదు. పనిలోకొస్తే కూలి ముందుగానే ఇస్తామని ఠేకేదారు మనిషి నాన్నకు కబురు పెట్టాడు.

పొద్దున్నే అమ్మ, ఆ డబ్బు అందగానే ఆసుపత్రికి వెళ్లాలని, తమ్ముణ్ణి భుజానేసుకుని, నన్ను వెంటబెట్టుకుని నాన్న వెనకే నడిచింది. లారీలు కదలకుండా ఆడవాళ్లు గేటుకి అడ్డంగా పడుకుని ఉన్నారు. వాళ్లను దాటలేక నాన్న ఆగిపోయాడు. ఎవరో “గద్దార్! ద్రోహీ!” అని అరిచారు. అత్త లేచి కూర్చుని మా తమ్ముడి వైపు చూసింది. వాడి డొక్కలు ఎగిరెగిరిపడుతున్నాయి.

“లెగండే, దారియ్యండి. గుంటడికి బాగోనేదు,” అంది.

“అప్పా...” అన్నాడు నాన్న.

“నాతో మాటాడకు. బేగెల్లు.”

ఆడవాళ్లు పక్కకి జరిగారు. నాన్న తలొంచుకుని లోపలికెళ్లాడు. ఒకసారి తెరిచాక ఆ దారి మళ్లీ మూసుకోలేదు. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు అందులోంచే లోపలికెళ్లారు.

తమ్ముడు బతికాడు. చలి తగ్గేనాటికి ఒక ఒప్పందం కుదిరింది. వాన రోజు సగం కూలి ఇస్తారు, కానీ చివరిదాకా గేటు దగ్గర కూర్చున్న ఆడవాళ్లను మాత్రం పనిలోకి తీసుకోరు. అత్త సరేనంది. భిలాయి స్టీలు ప్లాంటు ఉద్యోగులుండే సెక్టార్లలో నాలుగిళ్ల పాచిపని వెతుక్కుంది. నాన్న ఇంట్లో లేనప్పుడు వచ్చి, గుమ్మం బయటే నిలబడి తమ్ముణ్ణి ఎత్తుకునేది. తర్వాతి వానాకాలం నాన్న సగం కూలితో ఇంట్లో కూర్చున్న రోజుల్లో అత్త నెత్తిమీద గోనెసంచి కప్పుకుని మా ముందు నుంచే పనికి వెళ్లేది. నాన్న అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోట్లోకి వెళ్లేది కాదు.

నేను హైస్కూలుకి వచ్చాక ఠేకేదారు మారాడు. అలాంటి ఒప్పందమేదీ తనకు తెలియదన్నాడు కొత్తాయన. అందరూ గొణుక్కుని ఊరుకున్నారు. నాన్న మాత్రం వెళ్లి వానలో గేటు ముందు నిలబడ్డాడు. జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, వీధి చివర ఉన్న నాకు వినపడేలా అరిచాడు.

“అది మా అప్ప పని పోగొట్టుకుని తెచ్చిన కూలి! నాను ఒదల్ను!”

సాయంత్రానికి ఆయన పాసూ పోయింది. దీపాలు పెట్టే వేళకి అత్త మా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

“ఒక్కడివే ఎల్లినావేటిరా? పిలిస్తే నాను రానా?”

నాన్న చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. అమ్మ ఇద్దరికీ వేడి అంబలి పోసి పక్కన కూర్చుంది.

మర్నాడు అక్కాతమ్ముళ్లిద్దరూ గేటు దగ్గర కూర్చున్నారు. రామ్‌బాయి చాచీ వెళ్లింది. ఇంకెవరూ రాలేదు. ఆ సగం కూలి తిరిగి రాలేదు. నాన్న చరోదా రైల్వే యార్డులో ఠేకా పనికి కుదిరాడు. అత్తకు ఎప్పటి నుంచో ఉన్న దగ్గు ఆ ఏడు ముదిరి, చలికాలం దాటనివ్వలేదు. నాన్నే తలకొరివి పెట్టాడు.

పోయిన వర్షాకాలం అటు వెళ్లాను. బస్తీ లేదు, అక్కడ లారీలు నిలుపుతున్నారు. ఊడ్చే పని యంత్రాలకిచ్చారట, తట్టలెత్తే ఆడవాళ్లెవరూ కనిపించలేదు. ఠేఠరీలు మిఠాయి కొట్లో ప్లాస్టిక్ పొట్లాల్లో వేలాడుతున్నాయి. ఎసటి బియ్యంలోంచి గుప్పెడు తీసి దాచిన ఇళ్లలో ఏ ఒక్కటీ ఆనవాలు పట్టలేకపోయాను. టీ కొట్టు రేకు కింద, బస్తాలెక్కించే కుర్రాళ్లు కొందరు వాన వెలిసేదాకా ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఒకడి తాత పలాస నుంచి వచ్చాడట. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిచ్చాడు.

వాన రోజు కూలి ఇస్తారా అని అడిగాను.

“బారిష్ కా పైసా కౌన్ దేతా హై, దీదీ?” వానకి డబ్బులెవరిస్తారని నవ్వాడు.

ఒకప్పుడు ఇచ్చేవారు, ఈ గేటులోనే, అన్నాను. వాడు పక్కవాడి ముఖం చూశాడు. ఇద్దరూ పెద్దదాన్నని మర్యాదగా తలూపారు. నమ్మలేదు.