ఇమ్కె వెనక్కి తీసుకున్న సంతకం

బోల్స్‌వర్డ్ ఊరి రస్కుల ఫ్యాక్టరీలో ఇమ్కె, నేను పక్కపక్కనే నిలబడి ప్యాకింగు చేసేవాళ్లం. ఆ హాల్లో యంత్రాల రొదకు అందరం చెవుల్లో బిరడాలు పెట్టుకునే పనిచేయాలి. మేమంతా సైగలతో సరిపెట్టుకుంటే, ఇమ్కె మాత్రం ఎవరికీ వినపడదని తెలిసీ రోజంతా మాట్లాడేది. కాఫీ విరామంలో “ఇందాక చెప్పింది విన్నావా?” అని అడిగేది. లేదని తలూపితే మొదట్నుంచీ మళ్లీ అందుకునేది.

ఒక మార్చి నెలలో యాజమాన్యం మమ్మల్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, వేసవి కల్లా ప్యాకింగు హాలు మూసేస్తున్నామని చెప్పింది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ఒప్పందం చేతికిచ్చారు. సంతకం పెట్టి ఉద్యోగం వదులుకుంటే ఇంత పరిహారం అని అందులో ఉంది. ఇమ్కె ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. అంత డబ్బు ఆమె ఖాతాలో ఒక్కసారిగా ఎన్నడూ పడలేదు.

“ఇదంతా నాకేనా?” అని అడిగింది, సిబ్బంది వ్యవహారాలు చూసే యోరిట్‌ని.

“మీకే. ఇంటికి తీసుకెళ్లి, తెలిసినవాళ్లకు చూపించి సంతకం పెట్టండి.”

“అమ్మో! ఈలోగా మీ మనసు మారితే?” అంటూ అక్కడికక్కడే సంతకం గీకేసింది. మర్నాడు హాల్లో అందరికీ గులాబీ రంగు క్రీము కేకు పంచింది. యోరిట్‌కి అందరికంటే పెద్ద ముక్క.

ఆ ఆదివారం ఆమె భర్త వీబ్రెన్ పుట్టినరోజు. వాళ్లింట్లో గుండ్రంగా వేసిన కుర్చీల్లో కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నాం. వీబ్రెన్ అక్క హిల్ట్యె కార్మిక సంఘం ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె పక్కన చేరి ఇమ్కె మొదలుపెట్టింది.

“మా ఫ్యాక్టరీవాళ్లది ఎంత పెద్ద మనసో వదినా! ఊరికే అంత డబ్బిస్తున్నారు.”

“ఊరికేనా? నీ మొహం! నువ్వు అన్నేళ్లు చాకిరీ చేసినందుకు చట్టం ఇప్పిస్తోందే. అంతకు తగ్గించడానికి వాళ్లకు వీల్లేదు, ఎక్కువ అడగడానికి నీకు వీలుంది. కాగితాలు తీసుకురా.”

“తెస్తాను గానీ... సంతకం పెట్టేశాను.”

ఎప్పుడూ నోరు తెరవని వీబ్రెన్ కూడా “అయ్యో” అన్నాడు.

హిల్ట్యె వంటింటి బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది. రాత్రి షిఫ్టులకిచ్చే భత్యాన్ని లెక్కలో కలపలేదు. దానికి తోడు, ఉద్యోగం ముగిసే తేదీ మరీ దగ్గర్లో ఉంది.

“నోటీసు కాలం పూర్తికాకుండానే బయటికొస్తే, ఆ మధ్యలో నీకు నిరుద్యోగ భృతి రాదు. ఈ పరిహారమే కూర్చుని తినాలి.”

“అయితే నా పని అయిపోయినట్టేనా?”

“లేదులే. రెండు వారాల్లోపు సంతకం వెనక్కి తీసుకోవచ్చు. ఎందుకని కూడా అడగరు. రెండు ముక్కలు రాసిచ్చెయ్.”

“ఆ యోరిట్‌కి కేకు కూడా పెట్టానే వదినా! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

“ఉన్నదే పెట్టుకుని వెళ్లు. ఇంకొకటుందా నీకు?”

సోమవారం తోడు రమ్మని నన్నూ యోరిట్ దగ్గరికి లాక్కెళ్లింది. రాసి తెచ్చిన కాగితం ముందుపెట్టి, చెప్పాల్సిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. యోరిట్ నొచ్చుకోలేదు సరికదా, నవ్వేశాడు.

“అందుకే కదా ఎవరికైనా చూపించమన్నాను. కూర్చోండి.”

భత్యం కలిపాడు. తేదీని నోటీసు కాలం ముగిసేదాకా పొడిగించాడు. “ఇంకేమైనా ఉందా?” అన్నాడు. తర్వాత చేయబోయే పనికి కావలసిన శిక్షణ ఏదైనా ఉంటే అదీ అడగమని హిల్ట్యె చెప్పి పంపింది. ఇమ్కె నేలచూపులు చూస్తూ అంది:

“నాకు బస్సు నడపాలని ఉంది.”

నాకు నవ్వాగలేదు. సైకిలు తప్ప మరొకటి ఆమె నడపగా నేను చూడలేదు మరి. యోరిట్ మాత్రం సీరియస్‌గా రాసుకున్నాడు. పైవాళ్లు ఆ వారంలోనే ఒప్పుకున్నారు. శిక్షణ ఖర్చంతా కంపెనీదే. ఈసారి హిల్ట్యె చూసి సరేనన్నాకే ఇమ్కె సంతకం పెట్టింది. నేనూ నా కాగితాలు పట్టుకుని హిల్ట్యె దగ్గరికే పరుగెత్తాను.

పరిహారం ఖాతాలో పడిన రోజు ఇమ్కె హిల్ట్యెకు ఫోన్ చేసి కేకలేసింది. “ఇంత తగ్గిందేమిటి వదినా?”

“పన్ను కోసుకుంటారని చెప్పానా లేదా? నువ్వు వింటేగా!”

మిగిలినదాంట్లో చాలామటుకు బ్యాంకులోనే ఉంచి, వీబ్రెన్‌కి ఎవరో వాడిన చిన్న తెరచాప పడవ కొనిపెట్టింది. బస్సు పరీక్ష మొదటిసారి పోయింది. పక్కన కూర్చున్న పరీక్షాధికారితో కబుర్లలో పడి, తిరగాల్సిన మలుపు దాటించేసింది. “నన్ను కాదమ్మా, రోడ్డును చూడండి” అన్నాడట పాపం ఆయన. రెండోసారి పెదాలు బిగబట్టి గట్టెక్కింది.

ఇప్పుడు పక్కనున్న మక్కుమ్ ఊరికి వెళ్లే బస్సు ఆమెదే. అక్కడ వృద్ధుల నివాసంలో వంట చేసే పని దొరికింది నాకు. మొన్న హోరుగాలిలో సైకిలు తొక్కలేక బస్సెక్కాను. నీళ్ల పక్కన కట్ట మీది రోడ్డులో బస్సు ఊగిపోతుంటే నేను ముందు సీటును గట్టిగా పట్టుకున్నాను. ఇమ్కె స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి తాపీగా తీసుకెళ్లి, నా స్టాపులో ఆపింది.

“సాయంత్రం తిరుగు బస్సూ నాదే. నీ వంటయ్యేదాకా ఆగను, త్వరగా రా” అని తలుపు మూసేసింది.