న్వూగో వదిలిన ఖాళీ

మా ఊళ్లో ఏ పిల్ల అత్తారింటికి వెళ్లినా ఒంటిమీద ఊలి గీతలు గీసేది నా సవతి న్వూగోయే. దానికి కలుపు తీయడం రాదు, కంద ఉడకేస్తే అడుగంటుతుంది. కానీ ఊలి కాయలు నూరి, పసరు పిండి, సన్నపుల్ల పట్టిందా, ఊరంతా నోళ్లు వెళ్లబెట్టాల్సిందే. అది రాకముందు అందరూ నన్నే పిలిచేవాళ్లు. వచ్చాక నా గుమ్మం తొక్కినవాళ్లు లేరు. కడుపు మండదూ మరి?

మా అకుడో పెళ్లి కుదిరింది. నా కడుపున పుట్టిన పిల్ల! సాగనంపే ముందురోజు నా దగ్గరికొచ్చి, "అమ్మా, పిన్ని చేత గీయించుకుంటానే" అంది.

"అలాగే తల్లీ! కనడానికి నేను, గీయడానికి మీ పిన్ని!" అన్నాను. ఒళ్లు భగ్గుమంది.

సాయంత్రం న్వూగో వచ్చింది. "అక్కా, పిల్ల నిన్ను పిలుస్తోంది. ఒక్కసారి రా."

"నీ పనితనం మెచ్చుకోడానికా? నాకు తలనొప్పి."

"ఇప్పుడు గీస్తేనే కదక్కా, తెల్లారేసరికి నల్లబడేది."

"నాకు నేర్పుతున్నావా? పోవే!"

ఊలి పసరు గీసినప్పుడు కనబడీ కనబడనట్టుంటుంది. రాత్రి గడిస్తే గానీ నలుపు తేలదు. గీతలు చెదిరిపోతే బాగుండునని కోరుకుంటూ పొద్దున్నే వెళ్లి చూశాను. మెడ చుట్టూ కొండచిలువ బొమ్మ, చేతులమీద కోలా గింజల బొమ్మలు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వీపు మాత్రం ఖాళీ.

"ఏమే, పసరు అయిపోయిందా?" అని నవ్వాను.

అకుడో నా వైపు తిరగలేదు. "వీపు నువ్వే గీయాలని నేనే ఉంచమన్నాను. నువ్వు రాలేదు."

గబుక్కున పుల్ల అందుకున్నాను.

"అక్కా, ఇప్పుడు గీస్తే రేపటికి గానీ తేలదు" అంది న్వూగో.

ఆ మాత్రం నాకు తెలీదా? అయినా గీశాను. వీపంతా గీశాను.

పిల్ల వాకిట్లోకి రాగానే ఆడవాళ్లంతా మూగారు. "అబ్బ, వీపు అంత ఖాళీగా వదిలేసిందంటే ఎంత ధైర్యం! న్వూగోకే చెల్లింది!"

"అయ్యో, అక్కడ మా అక్క గీసిందమ్మా" అంది న్వూగో.

"చాల్లే, నీకు మరీ అణకువ!" అని నవ్వారు.

నా గీతలు రేపు తేలతాయి. వాటిని అకుడో అత్త చూస్తుంది. నేను చూడను.